సాఫ్ట్‌వేర్ కొలువుల ఇంటర్వ్యూ: అభ్యర్థి వైపు నుంచి ఒక సమీక్ష

సాంకేతిక సంస్థల నియామకాలపై వచ్చిన రచనలలో ఎక్కువ భాగం రెండు రకాలుగా ఉంటాయి. మంచి ఉద్యోగిని గుర్తించడమెలాగో యజమానికి చెప్పేవి ఒక రకమైతే, ఇంటర్వ్యూ గట్టెక్కడమెలాగో అభ్యర్థికి నేర్పేవి రెండో రకం. ఇంటర్వ్యూకు కూర్చున్న మనిషి ఆ గంటలోను, అంతకుముందు సన్నద్ధతలో గడిచిన నెలల్లోను, ఆ తరువాత జవాబు కోసం ఎదురుచూసే వారాల్లోను ఏమి అనుభవిస్తున్నదనే ప్రశ్నకు ఈ రెండింటి నడుమ దక్కిన చోటు స్వల్పం. అభ్యర్థి అనుభవమంటే పలకరింపుకో మర్యాదకో సంబంధించిన సంగతి మాత్రమేనని, కొలత సరిగ్గా ఉన్నదా లేదా అన్నదానితో దానికి పని లేదని అనుకోవడం ఇందుకు ప్రధాన కారణం. గత పాతికేళ్ల పరిశోధనను వరుసగా చదివితే మాత్రం ఈ విభజన నిలవదు. అభ్యర్థి పడే ఒత్తిడి, ముందుగా తెలియనివ్వని నియమాలు, ఆలోచనను బయటకు చెప్పవలసి వచ్చే భాష, ఇవన్నీ కొలతలోకే చొరబడి, కంపెనీ కొలుస్తున్నాననుకున్నదాని స్థానంలో మరొకదాన్ని నిలబెడతాయి. ఈ సమీక్ష ప్రధానంగా ప్రోగ్రామర్ కొలువుల ఇంటర్వ్యూకు పరిమితం. అమెరికాలో రూపుదిద్దుకున్న ఆ పద్ధతిని, అది హైదరాబాదు దాకా వచ్చి పొందిన రూపాన్ని కలిపి చూడడం దీని ఉద్దేశం.

కొన్ని ప్రశ్నలతో మనిషి పనితనాన్ని ముందే పసిగట్టాలన్న ఆశ కంప్యూటర్ల కంటే పాతది. థామస్ ఎడిసన్ తన సంస్థలో చేరగోరే పట్టభద్రులకు ఇస్తున్న ప్రశ్నావళి 1921లో పత్రికలకెక్కి అమెరికాలో పెద్ద చర్చకు దారితీసింది. భూగోళం, చరిత్ర, విజ్ఞానం కలగలిసిన ఆ ప్రశ్నలకు, చేయబోయే పనికి సంబంధమేమిటన్న అభ్యంతరం ఆనాడే వచ్చింది. ప్రోగ్రామింగ్ ఒక వృత్తిగా తలెత్తిన 1950లలో ఆ పనికి ఎవరు తగుదురో ఎవరికీ స్పష్టంగా తెలియదు గనుక, అంకెల వరుసలు, ఆకారాల పోలికలు, లెక్కల చిక్కులతో ఐబీఎం రూపొందించిన ప్రోగ్రామర్ యాప్టిట్యూడ్ టెస్ట్ తరువాతి దశాబ్దంలో విస్తారంగా వాడుకలోకి వచ్చింది. 1966లో విలియం కానన్, డాలిస్ పెర్రీ అనే మనస్తత్వవేత్తలు అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న ప్రోగ్రామర్లను పరిశీలించి, చిక్కుముడులంటే ఇష్టం, మనుషులతో మసలడంపై అనాసక్తి వారి లక్షణాలని తేల్చారు. ఇలాంటి పరీక్షలు, వర్ణనలు కలిసి ఒక వలయాన్ని సృష్టించాయని చరిత్రకారుడు నేథన్ ఎన్స్‌మెంగర్ 2010లో వెలువడిన తన గ్రంథంలో చూపారు: ఒక తరహా మనుషులను ఎంపిక చేసే పరీక్ష పెట్టి, ఎంపికైనవారిని గమనించి, వృత్తికి కావలసిన స్వభావం అదేనని నిర్ధారించి, మళ్లీ అలాంటివారికే తలుపు తీశారు. మొదట్లో స్త్రీలు గణనీయంగా ఉన్న ఈ వృత్తి పురుషులదన్న ముద్ర పడడానికి ఆ వలయం తోడ్పడింది. నేటి అభ్యర్థి ఎదుర్కొనే అనేక పద్ధతుల్లో దాని నీడ ఇంకా ఉంది.

1990ల నాటికి మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలు పొడుపుకథల వంటి ప్రశ్నలకు పేరుపడ్డాయి. రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది, ఫ్యూజీ పర్వతాన్ని ఎలా కదిలిస్తావు అన్న తరహా ప్రశ్నల సంస్కృతిని విలియం పౌండ్‌స్టోన్ 2003లో ఒక పుస్తకంగానే రాశారు. అదే దారిలో నడిచిన గూగుల్ సంస్థలో సిబ్బంది విభాగాధిపతిగా ఉన్న లాస్లో బాక్, 2013లో ఒక పత్రికా సంభాషణలో ఇలాంటి చిక్కు ప్రశ్నలు దేనినీ ముందుగా చెప్పలేవని, అడిగేవారికి తాము తెలివైనవారమన్న తృప్తిని మాత్రమే ఇస్తాయని బాహాటంగా ఒప్పుకొన్నారు. వేల సంఖ్యలో ఇంటర్వ్యూలను తిరగేసి చూస్తే, ఇంటర్వ్యూ చేసినవారు వేసిన మార్కులకు, అభ్యర్థులు ఉద్యోగంలో చేరాక చూపిన పనితనానికి సంబంధం కనిపించలేదని కూడా ఆయన చెప్పారు. ఒక అభ్యర్థికి పది, పన్నెండు, అంతకు మించి ఇంటర్వ్యూలు జరిపిన రోజులు ఆ సంస్థలో ఉండేవి; నాలుగు దాటాక కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదని తమ లెక్కల్లోనే తేలిన తరువాత ఆ సంఖ్యను కుదించారు. అంతవరకు ఆ అదనపు రౌండ్ల కోసం సెలవులు పెట్టుకొని, నిద్ర మానుకొని వచ్చిన అభ్యర్థుల కాలం ఏ ఖాతాలోనూ చేరలేదు.

పొడుపుకథల స్థానంలోకి వచ్చింది కోడింగ్ ఇంటర్వ్యూ. సమాచారాన్ని కంప్యూటరులో అమర్చే పద్ధతులను డేటా స్ట్రక్చర్లు అని, ఒక పనిని అంచెలంచెలుగా ముగించే విధానాన్ని అల్గారిదమ్ అని అంటారు. ఈ రెండింటి మీద ఒక చిన్న సమస్య ఇచ్చి, అరగంట, ముప్పావుగంటలో తెల్లబోర్డు మీదనో తెర మీదనో పరిష్కారం రాయమనడం, రాస్తున్నంతసేపూ ఏమి ఆలోచిస్తున్నదీ పైకి చెప్పమనడం ఇందులోని తంతు. అనుభవజ్ఞులకైతే దీనికి తోడు, లక్షలాది మంది ఒకేసారి వాడే వ్యవస్థను ఎలా నిర్మించాలో గీసి చూపించే సిస్టమ్ డిజైన్ రౌండు, గతంలో ఎదురైన సందర్భాలను వివరించే ప్రవర్తనా రౌండు ఉంటాయి. కోడింగ్ ప్రశ్న పొడుపుకథ కంటే పనికి దగ్గరగా ఉందనడంలో సందేహం లేదు. అయితే ఎంత దగ్గరగా ఉందన్నది వేరే ప్రశ్న. 2015లో మ్యాక్స్ హావెల్ అనే ప్రోగ్రామర్, తాను రాసిన హోమ్‌బ్రూ అనే ఉపకరణాన్ని గూగుల్ ఇంజనీర్లలో అత్యధికులు వాడుతున్నా, ఒక బైనరీ ట్రీని బోర్డు మీద తిరగేసి చూపలేనందుకు ఆ సంస్థ తనను కాదన్నదని ప్రకటించినప్పుడు వృత్తిలోని వేలమంది అందులో తమ కథను చూసుకున్నారు. కొమ్మలుగా చీలుతూ పోయే అమరికను బైనరీ ట్రీ అంటారు. దాన్ని తిరగేయవలసిన అవసరం ఎక్కువమంది ప్రోగ్రామర్లకు రోజువారీ పనిలో రాదు, వచ్చినా పుస్తకం తెరిచి చూసుకునే వీలుంటుంది.

ఈ పద్ధతి ఇంత గట్టిగా నిలదొక్కుకోవడానికి మూలం కంపెనీల భయంలో ఉంది. ఎంపికలో రెండు రకాల పొరపాట్లు జరగవచ్చు: తగనివారిని తీసుకోవడం ఒకటి, తగినవారిని వదులుకోవడం మరొకటి. మొదటి పొరపాటు ఖర్చు కంపెనీకి కనిపిస్తుంది. రెండో పొరపాటు ఖర్చు అభ్యర్థి ఇంట్లో కనిపిస్తుంది, కంపెనీ లెక్కల్లో కనిపించదు. జోయెల్ స్పోల్‌స్కీ 2000లో రాసి, ఒక తరం మేనేజర్లు పాఠంలా చదివిన ఇంటర్వ్యూ మార్గదర్శి, సందేహం కలిగితే వద్దనడమే మేలని ఉపదేశించింది. 1999లో అమెజాన్ ప్రవేశపెట్టిన బార్ రెయిజర్ పద్ధతిలో, ఆ ఖాళీతో సంబంధం లేని బయటి విభాగపు ఉద్యోగి ఒకరు ఇంటర్వ్యూలో కూర్చుని, అవసరమైతే నియామకాన్ని అడ్డుకోగలరు. తొందరపాటుకు కళ్లెం వేసే ఏర్పాటుగా దీనికొక న్యాయం ఉంది. కానీ తగినవారిని వందల సంఖ్యలో వదులుకున్నా ఫరవాలేదనుకునే వ్యవస్థలో తిరస్కారం అనర్హతకు రుజువు కాదు. ఈ సంగతి కంపెనీకి తెలిసినంత స్పష్టంగా అభ్యర్థికి తెలియదు. తిరస్కారాన్ని అతడు తన మీద వెలువడిన తీర్పుగానే ఇంటికి మోసుకుపోతాడు.

ఇంటర్వ్యూ అసలు ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్రంలో వందేళ్ల పరిశోధన ఉంది. ఒక పరీక్ష తాను కొలవవలసినదాన్నే కొలిస్తే దానికి సప్రమాణత ఉందంటారు. పరీక్ష ఫలితానికి, తరువాతి పనితనానికి ఉన్న సహసంబంధ గుణకంతో దాన్ని చెబుతారు. సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే పూర్తి సంబంధమని అర్థం. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 85 సంవత్సరాల అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, చేయబోయే పనిలోని ముక్కనే చేయించి చూసే పరీక్షకు 0.54, క్రమబద్ధ ఇంటర్వ్యూకు 0.51, క్రమం లేని ఇంటర్వ్యూకు 0.38 అని చెప్పారు. క్రమబద్ధ ఇంటర్వ్యూ అంటే అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసిపెట్టుకున్న ప్రమాణాలతో మార్కులు వేసేది. పాల్ సాకెట్ బృందం 2022లో ప్రచురించిన పునఃపరిశీలనలో, పాత లెక్కల్లో చేసిన కొన్ని సవరణలు హద్దుమీరాయని చూపి, అంకెల్లో చాలావాటిని కిందికి దించింది, అయినా 0.42తో క్రమబద్ధ ఇంటర్వ్యూ అన్నింటికంటే పైన నిలిచింది, క్రమం లేని ఇంటర్వ్యూ 0.19కి పడిపోయింది. ఉత్తమమైన ఇంటర్వ్యూ కూడా పనితనంలోని తేడాలలో ఐదో వంతును సైతం వివరించలేదని దీని అర్థం. క్రమబద్ధతే మేలన్న పాఠం సాంకేతిక సంస్థలకు కొత్తదేమీ కాదు. ఇజ్రాయెల్ సైన్యంలో యువ అధికారిగా ఉన్న డేనియల్ కానెమన్ 1950ల నడుమనే, ముచ్చట్లతో సాగే ఇంటర్వ్యూలు దేనికీ కొరగావని గమనించి, ఆరు లక్షణాలకు వేర్వేరుగా మార్కులు వేసే పద్ధతి పెట్టి మెరుగైన ఫలితాలు సాధించారు. ఏడు దశాబ్దాల తరువాత కూడా అనేక సంస్థలలో ఏ ప్రశ్న అడగాలన్నది ఆ ఉదయం ఖాళీగా దొరికిన ఇంజనీరు ఇష్టానికే వదిలేస్తున్నారంటే, లోపించింది విజ్ఞానం కాదు, పట్టింపు.

అభ్యర్థి అనుభవమే కొలతను మార్చివేస్తుందన్న మాటకు అత్యంత సూటి సాక్ష్యం 2020లో వచ్చింది. నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయానికి, మైక్రోసాఫ్ట్‌కు చెందిన పరిశోధకులు మహ్నాజ్ బెహ్రూజీ, క్రిస్ పార్నిన్ తదితరులు 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒకే సమస్యను ఇచ్చారు. ఒక గుంపు, మామూలు ఇంటర్వ్యూలో వలె, చూస్తున్న మనిషి ఎదుట బోర్డు మీద రాస్తూ ఆలోచనను పైకి చెప్పాలి; రెండో గుంపు ఒంటరిగా గదిలో కూర్చుని, బోర్డు మీదనే, మౌనంగా రాసుకోవచ్చు. సమస్య మారలేదు, బోర్డు మారలేదు. కేవలం ఎవరో చూస్తున్నారన్న స్పృహ వల్ల మొదటి గుంపు సామర్థ్యం సగానికి పైగా పడిపోయింది. అంతకంటే కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది: మనిషి ఎదుట రాసిన స్త్రీలలో ఒక్కరూ ఉత్తీర్ణులు కాలేదు, ఒంటరిగా రాసిన స్త్రీలందరూ ఉత్తీర్ణులయ్యారు. పాల్గొన్నవారి సంఖ్య చిన్నది గనుక స్త్రీలకు సంబంధించిన ఫలితాన్ని తుదిమాటగా తీసుకోరాదని పరిశోధన నియమం హెచ్చరిస్తుంది. అయినా దాన్ని పక్కకు నెట్టివేయడం న్యాయం కాదు. మనస్సులో ఒకేసారి నిలుపుకోగల సంగతుల సంఖ్య పరిమితమని అందరికీ తెలిసినదే. ఎదుటివారి ముఖకవళికలను చదవడం, గడియారాన్ని గమనించడం, నోటితో వివరించడం ఆ పరిమితిలో చోటు తీసుకుంటే సమస్యకు మిగిలేది కొంతే. అలాంటి ఇంటర్వ్యూ వేదిక మీద నటించగల శక్తికి పరీక్ష అవుతుంది. ఆ శక్తి కొన్ని ఉద్యోగాలకు అవసరం కావచ్చు. అప్పుడు దాన్నే కొలుస్తున్నామని ముందే చెప్పడం సంస్థ బాధ్యత.

పైకి చెబుతూ ఆలోచించాలన్న ఈ నియమం తెలుగు అభ్యర్థికి మరో బరువును జోడిస్తుంది. దీన్ని అమెరికా అధ్యయనాలు గమనించే అవకాశం లేదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు పాఠాలను బట్టీపట్టి, ఇంజనీరింగ్‌లో స్నేహితులతో తెలుగులోనే లెక్కలు చర్చించుకున్న విద్యార్థి మనస్సులో లూప్ ఎలా తిరుగుతుందో, ఎక్కడ ఆగాలో తెలుగులోనే నడుస్తుంది. "ఇది ఇటు పోయింది, ఇప్పుడు దీన్ని అక్కడ పెడదాం" అన్న ధోరణిలో సాగే ఆ ఆలోచనను ఏ క్షణానికా క్షణం ఇంగ్లీషులోకి మార్చి వినిపించడం రెండో పని. మాట తడబడితే విన్నవారికి ఆలోచనే తడబడినట్టు తోస్తుంది. భారతీయ సంస్థల ఎంపికలో కమ్యూనికేషన్ స్కిల్స్ అన్న పేరిట ఉన్న ప్రమాణం ఇంగ్లీషు ఉచ్చారణకు, పట్టణ మధ్యతరగతి నడవడికకు ఎంతగా ముడిపడి ఉందో కేరొల్ ఉపాధ్య 2007లో తన వ్యాసంలో వివరించారు. ప్రతిభకే పట్టం కడతామని చెప్పుకునే పరిశ్రమలో ఉద్యోగులు అధికంగా నగరాలకు, అగ్రవర్ణాలకు, చదువుకున్న కుటుంబాలకు చెందినవారే కావడానికి కారణాలను ఆమె వెతికారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఇంజనీరింగ్ కళాశాలల తలుపులను ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న వేలాది పిల్లలకు తెరిచింది. వారికి డిగ్రీ దక్కింది. ఇంటర్వ్యూ గదిలో మాట్లాడే భాషను నేర్పే బాధ్యతను మాత్రం కళాశాల తీసుకోలేదు, కంపెనీ తీసుకోలేదు.

ఆ బాధ్యతను అందిపుచ్చుకున్నది కోచింగ్ వ్యాపారం. అమెరికాలో గేల్ లాక్‌మన్ మెక్‌డొవెల్ 2008లో మొదటిసారి ప్రచురించిన క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ, 2015 నాటి ఆరో ముద్రణకు 189 ప్రశ్నల గ్రంథమైంది; లీట్‌కోడ్, గీక్స్‌ఫర్‌గీక్స్ వంటి సాధన వేదికలు వేల ప్రశ్నలను పోగుచేశాయి. ఉద్యోగం చేస్తూనే రాత్రిళ్లు నెలల తరబడి ఈ ప్రశ్నలను సాధన చేయడం ఇప్పుడు సీనియర్ ఇంజనీర్లకు కూడా తప్పని తపస్సు. ఇంటికి రాగానే పసిపిల్లలను చూసుకోవలసిన తల్లికి, ముసలి తల్లిదండ్రుల వైద్యం చూసుకునే కొడుక్కి ఆ రాత్రిళ్లు ఉండవు; కాబట్టి సాధన మీద ఆధారపడిన పరీక్ష ఖాళీ సమయాన్ని కూడా కొలుస్తుంది. హైదరాబాదులో ఈ వ్యాపారానికి మరింత పాత చరిత్ర ఉంది. 1998లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమైన కాలానికే అమీర్‌పేట, మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు కోర్సుల బోర్డులతో, హాస్టళ్లతో నిండిపోసాగాయి. జావా, టెస్టింగ్, ఒరాకిల్ ఏది గిరాకీలో ఉంటే దాన్ని నెలల్లో నేర్పి, మాక్ ఇంటర్వ్యూలు పెట్టి, రెజ్యూమె దిద్ది పంపే ఏర్పాటు అక్కడ స్థిరపడింది. చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్, ఆంధ్ర ప్రాంతపు ఐటీ శ్రామికులను హైదరాబాదులోను, ఆస్ట్రేలియాలోను అనుసరించి రాసి 2007లో ప్రచురించిన గ్లోబల్ బాడీ షాపింగ్ అనే గ్రంథం, కట్నంతో, పొలంతో, బంధువుల పూచీతో ముడిపడిన ఆ ప్రయాణాన్ని గొప్ప శ్రద్ధతో నమోదు చేసింది. అభ్యర్థి ఒక్కడే ఇంటర్వ్యూలో కూర్చున్నా, అతని వెనుక అప్పు ఇచ్చిన కుటుంబం మొత్తం కూర్చుని ఉంటుందన్న సత్యం ఆ పుటల్లో తెలుస్తుంది.

ఈ ఒత్తిడిలోనే ఫేక్ ఎక్స్‌పీరియన్స్, ప్రాక్సీ అన్న మాటలు తెలుగు ఉద్యోగార్థుల వాడుకలోకి వచ్చాయి. లేని అనుభవాన్ని రెజ్యూమెలో చూపించడం మొదటిది, ఒకరి బదులు మరొకరు ఇంటర్వ్యూ ఇవ్వడమో తెర వెనుక నుంచి జవాబులు అందించడమో రెండోది. ఇవి మోసాలే; వీటి వల్ల నిజాయితీగా వచ్చినవారిని కూడా అనుమానంతో చూడడం మొదలై, గుర్తింపు కార్డు చూపమనడం, గదినంతా కెమెరాలో తిప్పి చూపమనడం మామూలైంది. అయితే మోసాన్ని ఖండించి ఊరుకుంటే సమీక్ష సగంలో ఆగినట్టే. చదువు ముగించినవారికి ఉద్యోగమివ్వడానికి అనుభవం అడిగి, అనుభవం రావడానికి ఉద్యోగమివ్వని సంతలో అబద్ధానికి గిరాకీ పుట్టడం వింత కాదు.

కళాశాల ప్రాంగణంలో జరిగే నియామకాలది ప్రత్యేక లోకం. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోను 60 శాతం ఉండాలన్న గీత, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన పరీక్షలు) ఉండరాదన్న నియమం ఇంటర్వ్యూ కంటే ముందే అనేకమందిని తప్పిస్తాయి. పదిహేనో ఏట తెచ్చుకున్న మార్కు ఇరవై రెండో ఏట ప్రోగ్రామింగ్ సామర్థ్యానికి ఎలా కొలమానమవుతుందో ఎవరూ వివరించరు. ఆపైన ఆన్‌లైన్ పరీక్ష, కొన్నిచోట్ల గ్రూప్ డిస్కషన్, టెక్నికల్ రౌండు, హెచ్‌ఆర్ రౌండు వరుసగా వస్తాయి. టీసీఎస్ నిర్వహించే నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ వంటి పరీక్షలలో వచ్చిన స్థానాన్ని బట్టే జీతం తరగతి మారుతుంది; నింజా అనే తరగతికి ఏడాదికి 3.36 లక్షల రూపాయలైతే డిజిటల్ అనే తరగతికి సుమారు దానికి రెట్టింపు. ఒక మధ్యాహ్నపు పరీక్ష ఇద్దరు సహాధ్యాయుల తొలి జీతాల మధ్య ఇంత దూరం పెడుతున్నప్పుడు, ఆ పరీక్ష రోజున కరెంటు, ఇంటర్నెట్ నిలకడగా ఉన్నాయా లేదా అన్నది కూడా జీవిత ప్రశ్న అవుతుంది.

హెచ్‌ఆర్ రౌండు గురించి తెలుగు విద్యార్థులు లాంఛనమని చెప్పుకుంటారు గాని, పరిశోధన అలా చెప్పదు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు పెద్ద సంస్థల 25 మంది హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతిభ తప్ప మరేదీ చూడబోమని చెప్పినవారే కుటుంబ నేపథ్యం అడగడం తప్పనిసరి అని చెప్పారు. తండ్రి ఏం చేస్తారు, ఏ ఊరు, అన్నదమ్ములు ఎక్కడ స్థిరపడ్డారు అన్న ప్రశ్నలు పలకరింపులా వినిపిస్తాయి. కులాన్ని అడగకుండానే చాలా వరకు తెలుసుకోవడానికి అవి సరిపోతాయి. అదే ఏడాది ప్రచురితమైన మరో అధ్యయనంలో సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానార్హతలతో కల్పిత దరఖాస్తులు పంపి చూస్తే, అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చినప్పుడు దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి 0.67గా, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. దీనికి భిన్నమైన సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచడం తగదు. అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్‌ట్రాండ్ తదితరులు ఢిల్లీ పరిసరాల 371 ఖాళీలకు 3,160 కల్పిత దరఖాస్తులు పంపి 2009లో ప్రచురించిన ప్రయోగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో కులాన్ని బట్టి పిలుపుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మాటతీరుకు ప్రాధాన్యమున్న కాల్ సెంటర్ కొలువుల్లో మాత్రం ఇతర వెనుకబడిన కులాలవారి పట్ల తేడా కనిపించింది. రెండింటినీ కలిపి చదివితే, నైపుణ్యాన్ని కాగితం మీద నేరుగా చూడగలిగిన చోట వివక్షకు సందు తగ్గుతుందని, మనిషి మీది అభిప్రాయానికి విలువ పెరిగిన కొద్దీ సందు పెరుగుతుందని ఊహించవచ్చు. అయితే ఇలాంటి ప్రయోగాలు పిలుపు దగ్గరే ఆగిపోతాయి. తలుపు మూసుకున్న తరువాత గదిలో జరిగేదాన్ని అవి చూడలేవు.

ఎంపికైన తరువాత కూడా, పాత జీతం స్లిప్పులు అడిగి, ఆ జీతం మీద ఇంత శాతం అని కొత్త జీతం కట్టే అలవాటు భారతదేశంలో ఇంకా నడుస్తోంది. తక్కువ జీతంతో మొదలైనవారు ఎప్పటికీ తక్కువలోనే మిగిలే ఈ పద్ధతిని కాలిఫోర్నియా 2018 నుంచి చట్టంతో నిషేధించింది.

అభ్యర్థులను అన్నింటికంటే ఎక్కువగా గాయపరిచేది మౌనం. స్టీఫెన్ గిలిలాండ్ 1993లో ప్రతిపాదించి, తరువాతి అధ్యయనాలు ఎక్కువగా బలపరిచిన సిద్ధాంతం ప్రకారం, ఎంపిక ప్రక్రియను అభ్యర్థి న్యాయమైనదిగా భావించడం అందులో గెలవడం మీద మాత్రమే ఆధారపడదు; ప్రశ్నలు పనికి సంబంధించినవా, తన శక్తిని చూపే అవకాశం దొరికిందా, అందరికీ ఒకే కొలబద్దా, ఫలితాన్ని సకాలంలో చెప్పారా, గౌరవంగా మాట్లాడారా అన్నవి అంతే లెక్కలోకి వస్తాయి. ఇందులో ఖర్చులేనిది సకాలంలో చెప్పడం. ఎక్కువగా లోపించేది కూడా అదే. మళ్లీ చెబుతామని పంపించి, తరువాత ఫోన్ ఎత్తకపోవడం ఎంత మామూలైందంటే, మౌనాన్నే తిరస్కారంగా అర్థం చేసుకోవడం అభ్యర్థులు నేర్చుకున్నారు. ఎక్కడ తప్పామో చెప్పమంటే వ్యాజ్యాల భయంతో అమెరికా సంస్థలు నిరాకరిస్తాయి. అలాంటి వ్యాజ్యాలు దాదాపు ఎరగని భారతదేశంలో కూడా ఆ అలవాటు యథాతథంగా దిగుమతి అయింది. తిరస్కారం అందరి మీదా ఒకేలా పనిచేయదు. ఇంటర్వ్యూయింగ్.ఐఓ అనే సాధన వేదిక 2016లో తన సమాచారాన్ని విశ్లేషించి, ఒకే వ్యక్తి ఫలితాలు ఇంటర్వ్యూ నుంచి ఇంటర్వ్యూకు విపరీతంగా మారుతున్నాయని, నిలకడగా ఉన్నవారు నాలుగో వంతు మాత్రమేనని చూపింది. ఒక ఇంటర్వ్యూ చెడిపోగానే సాధన మానేసి వెళ్లిపోవడం పురుషులలో కంటే స్త్రీలలో సుమారు ఏడు రెట్లు ఎక్కువని కూడా గమనించింది. ఇంత ఊగిసలాడే కొలతలో ఒకసారి తప్పడం దాదాపు కాకతాళీయమని వారికెవరైనా చెప్పి ఉంటే, వారిలో ఎందరు మిగిలేవారో ఊహించవచ్చు.

మనుషుల పక్షపాతానికి యంత్రం విరుగుడని నమ్మినవారికి 2018లో గట్టి పాఠం ఎదురైంది. పాత నియామకాలను చూసి రెజ్యూమెలకు మార్కులు వేయడం నేర్చుకున్న అమెజాన్ ప్రయోగాత్మక సాధనం, స్త్రీలకు సంబంధించిన మాటలు కనిపించగానే మార్కులు తగ్గిస్తున్నదని, అందుకే ఆ ప్రయత్నాన్ని విరమించారని రాయిటర్స్ వెల్లడించింది. 1960ల నాటి వలయాన్నే యంత్రం మళ్లీ నేర్చుకుంది. వీడియోలో ముఖకవళికలను చదివి అభ్యర్థిని అంచనా వేసిన హైర్‌వ్యూ సంస్థ విమర్శల నడుమ ఆ విశ్లేషణను మానుకున్నట్టు 2021లో ప్రకటించింది. న్యూయార్క్ నగరం 2023లో ఇలాంటి సాధనాలకు ఏటా పక్షపాత తనిఖీని తప్పనిసరి చేసింది. 2024లో ఐరోపా సమాఖ్య చట్టం నియామకాలకు వాడే కృత్రిమ మేధను అధిక ప్రమాదం గల వర్గంలో చేర్చింది. ఎదురుగా మనిషి లేకుండా, తెర మీద వెలిగే ప్రశ్నకు కెమెరాలోకి చూస్తూ జవాబు చెప్పవలసిన అభ్యర్థికి, తన మాట విన్నదెవరో అడిగే హక్కు భారతదేశంలో ఇంకా స్పష్టంగా దక్కలేదు.

ఇప్పుడు అదే కృత్రిమ మేధ అభ్యర్థి చేతికి కూడా వచ్చింది. కోడింగ్ ప్రశ్నకు క్షణాల్లో జవాబు రాసిచ్చే సాధనాలు ఆన్‌లైన్ ఇంటర్వ్యూను అర్థం లేనిదిగా చేస్తున్నాయన్న ఆందోళనతో సంస్థలు రెండు దారులు తొక్కుతున్నాయి. పనిలో ఎలాగూ వాడే సాధనాన్ని ఇంటర్వ్యూలోనూ వాడనిచ్చి, దాని జవాబును అభ్యర్థి ఎంత తెలివిగా సరిదిద్దుతున్నదీ చూడడం ఒక దారి. ఆస్ట్రేలియా సంస్థ కాన్వా 2025లో ఈ పద్ధతిని ప్రకటించింది. పనిలోని ముక్కనే చేయించి చూడాలన్న పాత పరిశోధనకు ఇది దగ్గరగా ఉంది గనుక రెండింటిలో ఇదే ఆశాజనకం. రెండో దారి వెనక్కి వెళ్లడం: కనీసం ఒక రౌండైనా ముఖాముఖిగా జరపాలని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు, మరికొన్ని సంస్థలు అదే బాట పట్టాయి. కోవిడ్ కాలంలో ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌కు మారడం వల్ల మేలు పొందినవారిలో చిన్న ఊళ్ల అభ్యర్థులు ముఖ్యులు. ఆదిలాబాద్ నుంచో పలాస నుంచో వచ్చే విద్యార్థికి హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూ అంటే రాత్రి బస్సు, తెల్లవారుజామున ఎవరి గదిలోనో స్నానం, ఇస్త్రీ చెదరని చొక్కా కోసం తంటాలు, అదీ తిరుగు ప్రయాణం ఖర్చు చేతిలో ఉంచుకొని. అమెరికాలో పెద్ద సంస్థలు ముఖాముఖి ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు విమానం టికెట్టు, హోటలు గది తామే ఇవ్వడం ఆనవాయితీ. భారతదేశంలోనూ యూపీఎస్సీ తన మౌఖిక పరీక్షకు దూరప్రాంతాల నుంచి వచ్చే అభ్యర్థుల రైలు ఖర్చులో వాటా భరిస్తుంది, కేంద్ర ప్రభుత్వ కొలువులకు పిలుపు అందుకున్న ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు రెండో తరగతి ఛార్జీ తిరిగి ఇచ్చే నియమం చిరకాలంగా ఉంది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ముఖాముఖి రౌండుకు రమ్మని పిలిచే సంస్థల లేఖల్లో గుర్తింపు కార్డు, రెజ్యూమె ప్రతులు, హాజరు కావలసిన వేళ ఉంటాయి. ఫ్రెషర్‌కు దారిఖర్చు ఇస్తామన్న వాక్యం సాధారణంగా ఉండదు.